మురుకుకు శుక్రవారం తలంటు

హలో… ఆఁ, నేనేలే రాగిణీ, ఈ ఇంట్లో ఇంకెవురు ఎత్తుతారు? ఫోన్ మోగితే మీ మామ పేపర్ ఇంకో జానెడు పైకి ఎత్తుకుంటాడు.

లేదు, ఇంకా రాలేదు వాళ్ళు. పదకొండుకి గదా చెప్పింది. ఇప్పుడు పదింబావు… ఆఁ, బాగుండాది. తినింది. పెరుగన్నం, రెండు గిన్నెలు.

నువ్వు తిన్నావా? పూనాలో ఒకటే వాన అంట గదా, రాఘవ్ చెప్పినాడు… సరి సరి. ట్రైనింగ్ ఈరోజుతో అయిపోతాది గదా… రేపు మద్యానానికి దిగతావా. మంచిది.

అన్నీ సర్దేసినా. దాని గిన్నె, దుప్పటి, ఆ చెవి ఊడిపోయిన రబ్బరు పంది, టీకాల పుస్తకం… పైనే పెట్టినా, కనపడేటట్టు. కోయంబత్తూరు ఆమె పేరేందన్నావు, హేమమాలినా… మూడెకరాల తోట గదా వాళ్ళది. మంచిదేలే. షోళింగనల్లూర్లో మీ మూడో అంతస్తు ఫ్లాట్‌లో పొద్దస్తమానం ఒంటిగా పడుండేదానికంటే మంచిదే. మీ ఇద్దరికీ వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రమ్మన్నాక మీరు మాత్రం ఏం చేస్తారు? అది మొరిగితే పక్కింటాయన అసోసియేషన్‌కి కాగితం రాస్తాడు. నాకు తెలుసు. నేనేమన్నా అన్నానా?…

నా గొంతుకేం. బాగానే ఉండాది.

…వీడియోనా? వద్దులే. నెట్ సరిగ్గా లేదు.

…ఇప్పుడు మాట్లాడేది మామూలు ఫోన్ గదా. దీనికి నెట్ ఎందుకు?

…నాలుగు రోజులుగా అడగతా ఉంటే వద్దంటా ఉన్నానా? అట్టనా?

రాగిణీ, నా మాట విను. దానికేం కాలేదు. జరం లేదు, కాలు విరగలేదు… పోలేదు, యాడికీ పోలేదు. ఈడే నా పాదాల మీద పడుకోనుండాది. ఇరవై ఎనిమిది కిలోలు. నాకు తిమ్మిరెక్కి మోకాలి దాకా తెలియడం లేదు.

…సరి, చెప్తా. నిలబడుండావా, కూర్చోనుండావా?… కూర్చో ముందు.

పోయిన వారం శుక్రవారం నేను మురుకుకి తలంటు పోసినా.

…ఆఁ. నూనెతోనే. నూనె లేకుండా తలంటు ఎట్ట అవతాది?

…నువ్వుల నూనె. గోరువెచ్చంగా కాచి.

…తలకే కాదు. ఒళ్ళంతా.

ఉండు, ఉండు, చెప్పనీ. శుక్రవారమే ఎందుకంటే, ఆడపిల్ల గదా అది. మొగోళ్ళకి శనివారం, ఆడోళ్ళకి శుక్రవారం, మా అమ్మ కాలంనించీ ఇంతే. ఈ ఇంట్లో మూడు మొగ తలకాయలు. ప్రతి శనివారం ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి రుద్దేదాన్ని. శుక్రవారం వస్తే నేనొక్కదాన్నే. ముప్పై ఐదేళ్ళు. రాఘవ్ తర్వాత ఇంకొకటి కూడా మొగోడే పుట్టినప్పుడు మీ మామ లడ్లు పంచినాడు, నేను గోడవైపు తిరిగి పడుకున్నా. నువ్వొచ్చినావు, నీకేమో చెవుల దాకానే జుట్టు… తప్పని అనలేదు, నీకు బాగుంటాది. నేననేది వేరే. ఈ పిల్లకి ఇంత జుట్టుండాది, బంగారం రంగులో, ఉంగరాలు ఉంగరాలుగా. పూడుల్ అంటావో లాబ్రడార్ అంటావో, రెండిట్లో ఏదైతేనేం, జుట్టు జుట్టే గదా. నాకు ఆశ పుట్టింది. దాంట్లో దాచేదేముండాది?

సీకాయ పెట్టి రుద్దినా. గంజి కూడా పోసినా, మెత్తగా ఉంటాదని. అది ఎట్ట నిలబడిందనుకున్నావు, కళ్ళు మూసుకోని, గడ్డం నా భుజాన పెట్టి. చెవులకి రెండు చిన్న జడలేసి కనకాంబరాలు పెట్టినా. మీ మామ ఫొటో కూడా తీసినాడు… పంపిస్తాలే తర్వాత.

తర్వాతనా. తర్వాత ఏముండాది. సాయంత్రం ఆరినాక దువ్వెన పెడితే దూరలేదు. ఆ ఉంగరాలన్నీ ఒకదాన్నొకటి పట్టేసుకోని, ఒళ్ళంతా ఒకటే బిళ్ళ. నూనె పోలేదేమో అనుకోని శనివారం మళ్ళా వేడినీళ్ళు పోసినా. ఇంకా గట్టిపడిపోయింది. ఆదివారానికి కాళ్ళు తుడుచుకునే పట్ట మాదిరి అయిపోయింది.

…నీ కాగితమా? ఉండాది.

…బీరువాలో. పట్టుచీరల కింద.

…చదవలేదు. నిజం చెప్తా ఉండా, నాకు కోపమొచ్చింది. ఇద్దరు బిడ్డల్ని పెంచినదాన్ని, ఒక కుక్కని రెండు వారాలు చూసుకోమని రెండు పేజీలు రాసిస్తావా అని. దాన్ని మడిచి చీరల కింద తోసేసినా. ఆదివారం తీసి చదివినా. మూడో లైన్లోనే రాసుండావు, ఎర్ర ఇంకుతో. చిక్కు తీయకుండా నీళ్ళు పోయకండి అత్తయ్యా అని. కింద రెండు గీతలు కూడా కొట్టుండావు.

…

రాగిణీ?

తిట్టు. తిట్టవే, పరవాలేదు.

…నవ్వతా ఉండావా? అయ్యో, నీ తల్లి కడుపు చల్లగుండ, నేను నాలుగు రోజులుగా అన్నం సయించక చస్తా ఉంటే నువ్వు నవ్వతా ఉండావా.

మంగళవారం విఘ్నేష్ అని ఒకబ్బాయిని పిలిపించినాము. ఈడే అంబత్తూరు ఓటీ బస్టాండు పక్కన కుక్కలకి క్షవరం చేసే అంగడి పెట్టుకోనుండాడు. మిషన్ తీసుకోని బండి మీద వచ్చినాడు. దాని వీపు మీద చెయ్యిపెట్టి అటూ ఇటూ నొక్కి చూసినాడు. తర్వాత ఎవురు చేసినారు ఇది అని అడిగినాడు. నేను చెప్పేలోపల మీ మామ మూడిళ్ళకి వినపడేటట్టు చెప్పినాడు, ఇదిగో ఈమేనని. ఆ అబ్బాయి మర్యాదస్తుడు. నన్నేమీ అనలేదు. తోలు దాకా బిగిసిపోయిందమ్మా, కూర్చున్నా లేచినా పీకతా ఉంటాది పావం, మొత్తం తీసేయడం తప్ప దావ లేదన్నాడు.

పీకతా ఉంటాది అన్నాడు చూడు, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాలుగు రోజులు అది ఒక్కసారి కూడా నా మీద గుర్రుమనలేదు రాగిణీ. దువ్వెన తీస్తే వచ్చి నిలబడేది.

గంటన్నర పట్టింది. దాని తల నా ఒళ్ళో పెట్టుకోని కూర్చున్నా. అంతా ఒక్క ముక్కగా ఊడొచ్చింది, కంబళి మాదిరి. లోపలనించి ఏం బయటికొచ్చిందనుకుంటా ఉండావు? మేకపిల్ల. ఇంత కుక్క, అంతే ఉండాది లోపల. తలమీద పిడికెడు, తోక కొసన పిడికెడు వదిలినాడు, అందానికంట.

మీ మామ అంగడికి పోయొచ్చి వాకిట్లో దాన్ని చూసి, ఇదెవురి కుక్క, మన మురుకు యాడ అన్నాడు. మన మురుకంట. మూడేళ్ళుగా ‘రాగిణి కుక్క’ అనేవాడు. ఇప్పుడు వీధిలో అందరూ ఎప్పుడు తిరుపతి పోయొచ్చినారని అడగతా ఉంటే, తిరుపతి కాదు, తిరుత్తణి అని గంభీరంగా జవాబు చెప్తా ఉండాడు. రోజుకి రెండుపూటలా దాన్ని తీసుకోని చెరువు కట్ట దాకా నడస్తాడు. రిటైరైనాక ఈ మనిషి నడిచింది సోఫానించి భోజనాల బల్ల దాకానే.

…చలి వేస్తాదని ఆయన బనీను రెండు పక్కలా పట్టి కుట్టేసినా. నాలుగు కాళ్ళకీ కాదు, ముందు కాళ్ళకే. బాగా కుదిరింది.

…ఎందుకు చెప్పలేదంటే, ఏమని చెప్పేది? నీ బిడ్డని నాకిచ్చిపోయినావు, నేను గొరిగించేసినా అనా? నువ్వు మొదట్లోనే చెప్పినావు, నా చేత్తో ఇయ్యలేను అత్తయ్యా, మీ ఇంటినించే తీసుకోనిపోనీ అని. ఆఖరికి అది బాగుండే రూపమన్నా నీకు గుర్తుండాల గదా. అది కూడా పాడు చేసినా.

…హేమమాలినికా? చెప్పలేదు. నువ్వు పంపిన ఫొటో చూసే గదా ఇష్టపడింది. ఒకవేళ ఇట్ట చూస్తే వద్దంటారేమో అని… ఏం లేదు. ఏం లేదన్నా గదా. సుమ్మా, ఊరికే అన్నా.

…ఏ మాట? ఓ, ఆ గడప మాటా. నీకింకా గుర్తుండాదా అది? ఆఁ, అన్నా. నీ పెళ్ళికి ముందర అన్నా. కుక్క ఈ గడప లోపలికొస్తే నేను గడప బయటికి పోతానన్నా. అప్పుడు దాన్ని చూళ్ళేదు గదా నేను.

ఉండు, బెల్లు కొట్టినారు. వచ్చినట్టుండారు. ఫోన్ పెట్టేయబాక, చేతిలోనే పట్టుకోనుంటా. నాకు ధైర్యంగా ఉంటాది.

రాండమ్మా, రాండి… చెప్పులు ఆడనే వదలండి పరవాలేదు… ఇల్లు కనుక్కోవడం కష్టమైందా?… రాగిణే, పూనానించి, లైన్లో ఉండాది… ఇదిగో. ఇదే మురుకు.

…ఇదేనమ్మా. ఫొటోలో ఉండేది ఇదే. నేను నూనె రాసి తలంటు పోసినా, చిక్కు పడిపోయింది, గొరిగించాల్సొచ్చింది. తప్పు నాది, నా కోడలిది కాదు. మీకు వద్దనిపిస్తే మొహమాటపడబాకండి. ఇంత దూరం కారేసుకోని వచ్చినామే అని చూడబాకండి. నిజంగా వద్దనిపిస్తే చెప్పేయండి…

…పెరుగుతాదా?… మూడు నెలల్లోనా… మీ ఇంట్లో కూడా ముందర ఒకటి ఉండిందా… అట్టనా. సరి. మంచి మాట చెప్పినారు.

రాగిణీ, ఉండావా? ఆమెకి ఏమీ పట్టింపు లేదంట. బొచ్చుదేముంది పెరుగుతాది అంటా ఉండాది. వచ్చీరాగానే నేల మీద కూర్చోని దాని పొట్ట గోకతా ఉండాది. మంచి మనిషి… అదే గదా నేనూ అంటా ఉండేది. మంచి మనిషి. ఏం చేసేది?

మీ మామనా? మిద్దెమీదికి పోయినాడు. బట్టలు ఆరేసేదానికంట. నలభై ఏళ్ళలో ఒక్క రుమాలు ఆరేసినోడు కాదు.

మురుకూ, రా. రా తల్లీ. బెల్టు పెట్టుకోవాల… సరి, ఇట్ట.

రాగిణీ, వాకిట్లోకి వచ్చినాము. కారు డోరు తీసినారు… ఎక్కేసింది. ఎవురూ చెప్పకుండానే. కారంటే పడిచస్తాది గదా అది. కిటికీ పక్కన కూర్చోని, నాలుక బయటేసి, బనీను తొడుక్కోని, ఊరు చూసేదానికి పోతా ఉన్నట్టుండాది. దానికేం తెలుసు?

…బాగుండానులే నేను. నువ్వు కళ్ళు తుడుచుకో ముందు.

హేమమాలినమ్మా, ఒక్క నిమిషం. కొన్ని చెప్పాల మీకు. పెరుగన్నంలో ఉప్పు వేయబాకండి. పక్కన కూర్చుంటేనే తింటాది, గిన్నె పెట్టేసి పోయినారంటే అట్టే చూస్తా కూర్చుంటాది… ఆఁ. టపాకాయలంటే బయం. స్నానాల గదిలో దూరుతాది. తలుపు మూయబాకండి, మూస్తే ఇంకా బయపడతాది. రోజూ దువ్వాల. పైపైన కాదు, తోలు కనపడేటట్టు, పాయ పాయగా తీసి. చెవుల వెనక, చంకల కింద, ఆడే ముందు చిక్కు పడేది. దువ్వకుండా నీళ్ళు పోయబాకండి, మీకు పుణ్యముంటాది. చెవులు వారానికొకసారి తుడవాల… ఇదంతా నా కోడలు కాగితం మీద రాసుండాది, నేను మీకిస్తా, నాకిప్పుడు కంఠతా వచ్చు.

పొద్దన ఆరింటికి వచ్చి మంచం మీద గడ్డం పెట్టి నిలబడతాది. మొరగదు. లేపదు. మీరు కళ్ళు తెరిచేదాకా అట్టే చూస్తా ఉంటాది. తెరవంగానే తోక ఊపతాది. ఈ వయసులో పొద్దన లేచేదానికి ఇంకొకరు కాచుకోనుండడం అంటే… సరి, అదుండనీండి.

శుక్రవారం. శుక్రవారం మాత్రం దానికి నూనె పెట్టబాకండి. అది వచ్చి అడిగినా పెట్టబాకండి. నిన్న నేను నూనె గిన్నె తీసుకోని నా తలకి పెట్టుకుందామని పోతే, అది ముందే పోయి స్నానాల గది వాకిట్లో కూర్చోనుండాది. నేను అంత నొప్పి పెట్టినాక కూడా. ఒంటిమీద బొచ్చు లేదు, అయినా తల వంచుకోని, నా వంతు ఎప్పుడని…

…

లేదమ్మా.

లేదు. నేను ఇయ్యను దీన్ని.

తప్పే. నాకు తెలుసు, శానా తప్పు. కోయంబత్తూరునించి మిమ్మల్ని పిలిపించి, కారెక్కిచ్చినాక ఇట్ట అనడం తప్పు. పొద్దన్నించి నేను దేవుడికి దండం పెట్టుకుంటా ఉన్నా, మీరే చూసి వద్దనాలని. మీరు అనలేదు. మీరు మంచోళ్ళయిపోయినారు. అందుకని నేనే నోరు తెరిచి చెప్పాల్సొచ్చింది.

…ముందే తెలుసా? ఎట్ట?… బనీను చూసినప్పుడేనా. మరి చెప్పలేదే… నా నోట్నించే రావాలని కాచుకోనుండారా. బాగుండాది.

భోంచేయకుండా కదిలేదానికి లేదు మీరు. పప్పుచారు, వంకాయ వేపుడు. లోపలికి పోయి ఫ్యాన్ కింద కూర్చోండి, వచ్చేస్తా.

మురుకూ, దిగు… దిగవే… ఏమండీ, మిద్దె మీద ఆరేసింది చాలు, కిందికి రాండి. మీ కుక్క కారు దిగనంటా ఉండాది.

రాగిణీ. ఉండావా?

…అంతా విన్నావా?

నీ కుక్క. నిన్నొక మాట అడక్కుండా చేసినా, అది నాకు తెలుసు. నువ్వు పోనీ అంటే ఇప్పుడే పంపి… పంపను. అబద్ధమెందుకు, నువ్వన్నా పంపను. వారంలో ఐదు రోజులు ఈడుంటాది, శనాదివారాలు మీ దగ్గరుంటాది, లేదా మీరే ఈడికి రాండి. ఎట్ట చేసుకుంటే అట్ట. అంబత్తూరేం అమెరికాలో లేదు. నీ కాగితం బీరువానించి తీసి ఫ్రిజ్జు మీద అతికిస్తా. విఘ్నేష్ నాకు దువ్వడం నేర్పిస్తానన్నాడు, బొచ్చు వేలెడు పెరిగినప్పటినించీ మొదలుపెట్టాలంట.

…ఏమన్నావు? మళ్ళా చెప్పు.

…దీన్ని ఈడ ఉంచుకోమని మూడేళ్ళుగా అడగాలనుకుంటా ఉండావా. మరి అడగలేదే?

…గడప మాటకా.

చూడు, నువ్వు అడిగుంటే నేను వద్దనే అనుందును. అది నిజం. నా నోరు నాకు తెలుసు. అయినా నువ్వు అడిగుండాల. వద్దన్నాక రెండోసారి అడిగుండాల. అత్త మొదటిసారి చెప్పింది విని కూర్చుంటే సంసారాలు ఎట్ట జరుగుతాయే?

…ఏడవబాక. మళ్ళా క్లాసుకి పోవాల గదా, అందరూ చూస్తారు. నేనా? నేనేం ఏడవడం లేదు, ఈడ ఎండగా ఉండాది.

అదిగో, మీ మామ ఎత్తుకోని దించతా ఉండాడు. ఈ మనిషికి నడుం నొప్పని నాతో నీళ్ళ క్యాను మోయిస్తాడు… దిగింది. వస్తా ఉండాది. ఆయన చొక్కా మీద రెండు కాళ్ళూ పెట్టేసింది.

…దాంతో మాట్లాడతావా? మాట్లాడు. నువ్వు పోయినప్పటినించీ మీ ఇద్దరినీ కలపనే లేదు నేను, నీ గొంతు విని తర్వాత దిగులు పెట్టుకుంటాదని.

ఉండు, కూర్చోబెట్టనీ దాన్ని… మురుకూ, ఇటు రా. ఎవురో చూడు ఇందులో.

రాగిణీ, ఫోన్ మెట్టుమీద పెడతా ఉండా, దాని చెవి కాడ. రేపు వస్తావని నువ్వే చెప్పు. పద్నాలుగు రోజులుగా సాయంత్రమైతే పోయి ఈ వాకిలి వైపు చూస్తా కూర్చుంటాది. పక్కనే కూర్చునేదాన్ని గానీ, ఆ ఒక్క మాట దానికి చెప్పేదానికి నాకు నోరు రాలేదు.

…చెప్పు, వింటా ఉండాది. నేను లోపలికి పోతా ఉండా.